తుపాకీకి తగిన పిల్ల

కుర్చీ ఉంది, ఏసీ ఉంది, చేతిలో వేడి కాఫీ ఉంది. అయినా ఆ పొద్దున నేను కుదురుగా కూర్చోలేకపోయాను. మా అమ్మాయి లత నా కొంగు పట్టుకుని కిందికి లాగుతూనే ఉంది, పెళ్ళిపందిట్లో చంటిపిల్లను లాగినట్టు. కూర్చోవడం, మళ్ళీ లేవడం. అది పిల్లలకి తుపాకీ కాల్చడం నేర్పే క్లబ్బు. సైబర్‌జయలో లత పనిచేసే కంప్యూటర్ కంపెనీకి పెద్ద దూరం కాదు. నా మనవరాలు యశ్వినిని బడి జట్టులోకి తీసుకున్నారు. ఆ రోజు దానికి మొదటి తుపాకీ ఎంచి, ఒంటికి కుదిరేలా బిగించి ఇస్తారని, "నువ్వూ రా అమ్మా, సరదాగా ఉంటాది" అని లత నేనుండే బంటింగ్ దాకా వచ్చి నన్ను కారెక్కించుకుంది. సరదా అట, సరదా! తుపాకీ మాట చెవిన పడిన దగ్గర్నుంచి నాకు అన్నం సయిస్తే ఒట్టు. ఎందుకని లత అడగలేదు. మా అమ్మకి ప్రతిదానికీ కంగారే అనుకుని ఊరుకుంది.

తుపాకీ అంటే మందు పెట్టి పేల్చేది కాదు, గాలి తుపాకీ. ఈ మలాయ్ దేశంలో అది కూడా మనిష్టం వచ్చినట్టు ఇంటికి తెచ్చుకోవడానికి లేదు. క్లబ్బువాళ్ళ ఇనప బీరువాలో తాళం కింద ఉంటుంది. నేర్పే ఆవిడ మలాయ్ టీచరు. బడిలో టీచర్లని పిలిచినట్టే ఆవిణ్ణీ పిల్లలు చిక్గు అని పిలుస్తారు. చిక్గు ముందు అసలు తుపాకీ తియ్యనే లేదు. యశ్వినిని పక్కకి తిప్పి నిలబెట్టి, కళ్ళు మూసుకుని చేతులు ఊరికే గాలిలోకి ఎత్తమంది. భుజం ఎక్కడ ఆగింది, మెడ ఎంత పొడుగు, బుగ్గ ఎముక ఎక్కడుంది, అన్నీ చూసింది. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి అందులోంచి గోడ గడియారం చూడమని, దానికి ఏ కన్ను ముందు పనిచేస్తుందో కనిపెట్టింది. అప్పుడు బీరువా తీసి ఒక తుపాకీ తెచ్చింది. బరువెక్కువైందని లోపల పెట్టేసి ఇంకోటి తెచ్చింది. భుజానికి ఆనే దాని మడమని మర తిప్పి వెనక్కీ ముందుకీ జరిపింది. బుగ్గ ఆనే చెక్కని కాస్త లేపి, మళ్ళీ దించి, దర్జీ జాకెట్టు సరిచూసినట్టు చూసింది. యశ్విని తుపాకీ చేతికొచ్చిన సంబరంలో మొహం దాని మీదకి వాల్చేసింది. వెంటనే చిక్గు పిల్ల గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తింది. "నువ్వు వంగకు. అదే నీ దగ్గరికి రావాలి. కుదరకపోతే దాన్ని మారుస్తాం, నిన్ను కాదు" అంది మలాయ్‌లో.

ఆ మాటకి నేను చటుక్కున లేచిపోయాను. "అమ్మమ్మా, కూర్చో లా! నువ్వు అటూ ఇటూ తిరిగితే నాకు టెన్షన్" అని యశ్విని, ఈ దేశపు పిల్లలందరిలా మాట చివర లా తగిలించి, అటునుంచి అరిచింది. హాల్లో ఉన్న తల్లులంతా నావైపు చూశారు. నేను కాఫీ కప్పు లత చేతిలో పెట్టి వరండాలోకి పోయాను. ఎండలో వరసగా ఆగిన కార్లని చూస్తూ, కుడి భుజం రుద్దుకుంటూ నిలబడ్డాను. యశ్విని వయసులోనే నాకూ ఒకసారి తుపాకీ సరిచూశారు. కాదు, తప్పు చెప్పాను. తుపాకీకి నన్ను సరిచూశారు.

మేం అప్పుడు హుటాన్ మెలింటాంగ్ దాటి, ఏరు సముద్రంలో కలిసే వైపు, ఓ కొబ్బరి ఎస్టేట్లో ఉండేవాళ్ళం. కొబ్బరి నీడన కోకో మొక్కలు వేసిన రోజులవి. విజయనగరం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మా తాతల కాలం నాటి లైన్ ఇళ్ళు, అంటే ఒకే రేకుల కప్పు కింద వరసగా గదులు. మా గదిలో తుమ్మితే నాలుగో గదిలోంచి చిరంజీవ అని వినపడేది. పొద్దున కళ్ళు తెరిచేసరికి ముందు కొబ్బరిపీచు పొయ్యి పొగ, తరవాత ఏటి వైపు నుంచి ఉప్పుచేపల వాసన, ఆ రెండిటినీ తొక్కుకుంటూ ఎండుకొబ్బరి బట్టీ వాసన. ఆ బట్టీ వాసన తియ్యగా మొదలై గొంతులోకి కారంగా దిగేది. మా అమ్మ రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప పెట్టేది. ఇప్పుడు అలాంటి చేప కొని బంటింగ్ ఫ్లాట్లో కాలిస్తే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు.

నాన్నని మేం అయ్య అనేవాళ్ళం. పేరు సింహాచలం. రామభజనలో ఆయన గొంతెత్తితే మందిరం రేకులు అదిరేవి. అలాంటి మనిషిని బట్టీలో మంట ఎగదోసే పని తినేసింది. పొగ పట్టి ఆయాసం వచ్చింది. పడుకోలేక గోడకి చేరబడి కూర్చుంటే పిల్లికూతలు మా అందరికీ వినపడేవి. మధ్య మధ్య ఆగిపోయేవి. ఆగినప్పుడల్లా అమ్మ లేచి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఈ మనిషిని పొగలోంచి తియ్యకపోతే దక్కడని ఎస్టేటు డిస్పెన్సరీ ఆయన ఆఫీసులో చెప్పాడు. మా అదృష్టం బాగుండి సరిగ్గా అప్పుడే ఆఫీసుకి ఉడతల్ని కొట్టే మనిషి కావలసి వచ్చింది. ఉడతలు కోకో కాయకి పక్కన చిల్లు పెట్టి, లోపలి తియ్యటి గుజ్జు తినేసి, కాయని పాడుచేసి పోతాయి. అయ్య పేర లైసెన్సు తీయించి గాలి తుపాకీ ఇచ్చారు. మధ్యాహ్నం ఆఫీసులో తీసుకోవాలి, పొద్దుగూకే ముందు తోకలతో సహా అప్పజెప్పాలి. అవును, తోకలే. కొట్టినట్టు సాక్ష్యం అవే. చెట్ల కింద, చల్లగాలిలో తిరిగే పని. నెల తిరక్కుండానే అయ్య వీపు చాప మీద ఆనించి నిద్రపోయాడు. ఆ పొద్దున అమ్మ నవ్విన నవ్వు అంతకు ముందు నేను చూడలేదు, తరవాతా చూడలేదు.

అయితే మా మామ్మ ఒప్పుకోవాలి కదా! మామ్మ అంటే అయ్యని కన్నతల్లి. "రాముడు సెయ్యెట్టి నిమిరిన జీవాన్ని సంపుతావట్రా? ఆ సేత్తోనే తాళాలట్టుకుని రామ రామ అంటావేటి? సిగ్గు నేదురా నీకు!" అని అన్నం ముట్టకుండా గుమ్మంలో కూర్చుంది. ఉడత వీపు మీది మూడు గీతలు రాముడి వేళ్ళ గుర్తులని మాలో తెలియనిదెవరికి? లైన్లో గుసగుసలు మొదలయ్యాయి. సింహాచలం భజనలో ముందు కూర్చోవచ్చునా, కూడదా? చివరికి ఓ ఆదివారం పెద్దలంతా మందిరం అరుగు మీద చేరారు. అయ్య ఓ చచ్చిన ఉడతని గోనెసంచి మీద పెట్టాడు. దాన్ని బోర్లా తిప్పారు, వెల్లకిలా తిప్పారు. కళ్ళజోడు లేనివాళ్ళు ఉన్నవాళ్ళ దగ్గర పుచ్చుకుని మరీ చూశారు. వీపంతా ఒకటే మట్టిరంగు. గీతలు లేకపోలేదు, కానీ అవి పక్కల మీద, ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా. పొట్ట ఎర్రగా ఉంది. "రాముడు నిమిరినాది ఈపు కదా, పక్కలు కాదు కదా?" అన్నాడొక పెద్దాయన. "ఇది మలాయ్ ఉడతరా బాబూ. దీనికి రాముడెవుడో తెల్దు" అన్నాడు ఇంకొకాయన. "తెల్దా? అయితే కొట్టుకో" అని తీర్మానమైపోయింది. తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వాగదు. మామ్మ మాత్రం నవ్వలేదు. "మూడు గీతలున్నాది ఎప్పుడు కనబడినా తుపాకీ దించీయాల. నా తలమీద సెయ్యెట్టి సెప్పు" అంది. అయ్య చెయ్యి పెట్టి చెప్పాడు. అప్పుడు లేచి అన్నం తింది.

ఆ తరవాత తుపాకీని ఇంటి మనిషిలా చూసుకున్నది కూడా మామ్మే. దసరాకి అయ్య ఆఫీసులో బతిమాలి తెస్తే, కత్తీ పారా పక్కన దాన్నీ నిలబెట్టి, ఆ కొస నుంచి ఈ కొస దాకా పసుపు పూసి బొట్లు పెట్టింది. మా ఇంట్లో తలకీ దీపానికీ తాళింపుకీ ఒకటే కొబ్బరినూనె. తుపాకీకీ అదే రాసేవాళ్ళు. కాల్చినప్పుడల్లా గొట్టంలోంచి వేపుడు వాసన వచ్చి నాకు ఆకలి పుట్టేది. ఆ దసరా మర్నాడు అయ్య తుపాకీ కంటికి ఆనించి, గురి చూసే గాడిలో పసుపు ఇరుక్కుపోయింది, ఏమీ కనబడటం లేదని మామ్మ మీద విసుక్కున్నాడు. చీపురుపుల్లతో గీకుతూ కూర్చున్నాడు. పసుపంతా పోయాక కూడా గీకుతూనే ఉన్నాడు. నాకప్పుడే ఎందుకో భయం వేసింది.

భయం ఊరికే పోలేదు. తోకలు తగ్గుతూ వచ్చాయి. ఓ సాయంత్రం టీ తీసుకుని తోటలోకి వెళితే, అయ్య ఓ కోకో చెట్టు ముందు నిలబడి ఉన్నాడు. "ఓలే గుంటా, ఆ కొమ్మ మీద ఏటున్నాది?" అన్నాడు. కాయ ఉందన్నాను. "దాని పక్కన?" "ఇంకో కాయ. దానెనకాల ఉడత. నీకేసే సూస్తంది." అయ్య టీ తాగలేదు. గట్టు మీద కూర్చుని, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, "నాకు సెట్టు కూడా సరిగ్గా అగుపడ్డం నేదే" అన్నాడు. రెండు కళ్ళకీ పొర కమ్మేసింది. ఆఫీసులో తెలిస్తే తుపాకీ తీసేసుకుంటారు. చూపు లేనివాడికి ఎస్టేట్లో మిగిలేది మళ్ళీ ఆ బట్టీయే, తడుముకుంటూ చిప్పలు మంటలోకి తోసే పని. ఆ రాత్రి ఇకమీద నా చేత కాల్పిస్తానని అయ్య అమ్మకి చెప్పినప్పుడు, లైసెన్సు నీ పేర ఉంటే పిల్ల ముట్టుకోవచ్చునా, పోలీసులు పట్టుకుంటే ఎలాగ అని అమ్మ కసిరింది. అయ్య దగ్గాడు. అమ్మ బట్టీ పొగగొట్టం వైపు చూసి, సరే కానీమంది.

అలా రోజూ బడి అయ్యాక నాకు తుపాకీ పని మొదలైంది. తుపాకీ నా ఛాతీ దాకా పొడుగు. మడమ భుజానికి ఆనిస్తే వేలు కాల్చే మీటకి అందదు. వేలు అందితే మడమ చంక కిందికి జారిపోతుంది. మడమ కాస్త కోసేస్తే సరిపోయేది, కానీ అది ఆఫీసు సొత్తు. "దాన్ని కొయ్యకూడదే, నువ్వే కుదురుకోవాల" అన్నాడు అయ్య. మామ్మ పాత చీర మడతపెట్టి నా భుజానికి కట్టాడు. జామకొమ్మ పంగ నరికి నేలలో పాతి, గొట్టం దాని మీద పెట్టాడు. నా కాళ్ళ కింద కొబ్బరిపీచు పేర్చాడు. నాకు ఒంటికన్ను మూయడం రాదు, అందుకని ఎడమ కంటికి గుడ్డ కట్టేశాడు. అప్పుడు అరచేత్తో నా తల పట్టుకుని, బుగ్గ కొయ్యకి ఆనేదాకా నొక్కాడు. మెడ పట్టేసిందంటే, అదే అలవాటైపోతాదన్నాడు. గొట్టం కిందికి వంచి గాలి ఎక్కించే బలం నాకు లేదు, అది అయ్యే చేసేవాడు. సీసం గుండు వేళ్ళతో తడిమి పెట్టేవాడు. చేతులు ఆయనవి, కన్ను నాది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి. మొదట నిలబెట్టిన కొబ్బరిచిప్పని నేను కొడితే, అయ్య గబగబా తడుముకుంటూ వెళ్ళి, చిల్లు ఎక్కడుందో వేలితో వెతుక్కుని, వేలు అందులో దూర్చి, "తగిలీసినావే!" అని కేకపెట్టాడు. నన్ను అంతగా మెచ్చుకున్న మనిషి మళ్ళీ నాకు తారసపడలేదు.

నాకు ఆ పని ఇష్టం. దాచుకోవడం దేనికి? మొదటి ఉడతకి ఏడ్చాను, తరవాత ఏడవలేదు. తోకలు కొయ్యడం మాత్రం అయ్యే చేసేవాడు, నన్ను అటు తిరగమనేవాడు. బడిలో కూర్చుంటే నాకు కిటికీ అవతలి కొమ్మలే కనబడేవి. కాళ్ళు ఆడిస్తున్నానని, ఓ పక్కకి ఒరిగి కూర్చుంటున్నానని టీచరు స్కేలుతో కొట్టేది. నా కుడిభుజం నిజంగానే కిందికి దిగింది. ఇప్పటికీ నాకు జాకెట్టు కుట్టే అమ్మాయి ఆ పక్క కొంచెం తగ్గించి కుడుతుంది. లైన్లో అందరికీ మా సంగతి తెలుసు. ఆ పెద్దలకీ తెలుసు. ఒక్కళ్ళూ ఆఫీసులో నోరు విప్పలేదు. అయ్య రాత్రుళ్ళు నిద్రపోతున్నాడు, భజనలో గొంతు మళ్ళీ లేచింది, అంతకంటే ఎవరికేం కావాలి? నేను మాత్రం, ఆఫీసు వైపు నుంచి సైకిలు బెల్లు వినపడితే చాలు, గుడ్డ విప్పేసి, తుపాకీ అయ్య చేతిలో పెట్టేసి, టీ గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని.

ఓ రోజు ఆ సైకిలు మా కోసమే వచ్చింది. ఆఫీసుకి కొత్తగా వచ్చిన గుమాస్తా, మేం కెరాణి అనేవాళ్ళం. తమిళాయన, చెడ్డవాడేం కాదు. బడి సెలవులప్పుడు తోకలు ఎక్కువ, పరీక్షలప్పుడు తక్కువ ఎందుకొస్తున్నాయో చూద్దామని వచ్చినట్టున్నాడు. "సింహాచలం, నువ్వు కొట్టడం నేనూ చూస్తాను" అన్నాడు అరవంలో. నేను టీ గిన్నెతో వెనక నడిచాను. అంతకు ముందే అయ్యా నేనూ ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేను దగ్గినప్పుడల్లా అయ్య పైకి చూసి మట్టల్లోకి కాలుస్తాడు. తగలకపోతే ఉడత తప్పించుకుంది అంటాడు. గురి తప్పనిదెవరికి? అలా నడుస్తూ ఎస్టేటు అంచున కాలవ గట్టు దాకా వచ్చాం. కాలవ అవతల చిత్తడి అడవి. గట్టు మీద ఏదో పండు రాలి ఉంది. దాని దగ్గర నేల మీద, చెట్టు మీద కాదు, నేల మీద ఓ ఉడత కూర్చుని, రెండు చేతులతో పండు పట్టుకుని తింటోంది. మాకు నాలుగు బారల దూరం. మేం ఎప్పుడూ కొట్టే రకం కాదది. వీపు మీద నల్లగా, బారుగా మూడు గీతలు. ఒకటి, రెండు, మూడు.

నాకు కెరాణి గుర్తు లేడు, ఏర్పాటు గుర్తు లేదు. మా నడక ఆగిందని అయ్య తుపాకీ ఎత్తాడు. నేను గొంతు చించుకున్నాను. "అయ్యా, కొట్టకు! మూడు గీతలు! ఈపు మీద మూడు గీతలున్నాయి!" అయ్య తుపాకీ అలాగే పట్టుకుని, కొబ్బరి మట్టల వైపు మొహం తిప్పి, కంగారుగా అటూ ఇటూ వెతుకుతూ, "ఎక్కడే? ఎక్కడ?" అన్నాడు.

ఉడత పండు తింటూనే ఉంది. కెరాణి దాన్ని చూశాడు. పైకి చూస్తున్న మా అయ్య మొహాన్ని చూశాడు. "సింహాచలం, అది నీ కాళ్ళ ముందే ఉందయ్యా" అన్నాడు మెల్లిగా. అయ్య తుపాకీ దించాడు. ఎండ కళ్ళలో పడిందని అనొచ్చు, నలక పడిందని అనొచ్చు. అనలేదు. "నాకు కళ్ళు కనబడవు సార్. శానా నాళ్ళయినాది" అన్నాడు. మరి తోకలు ఎవరు తెచ్చారని కెరాణి అడిగాడు. అయ్య చెయ్యి చాచి, గాలిలో తడిమి, నా జడ దొరికించుకుని, తల మీద చెయ్యి వేశాడు. "అన్నీ దీనివే సార్. నా కూతురు కొట్టినాది. ఒక్కటీ నాది కాదు." భజనలో ముందు వరసలో కూర్చుని పాడతాడే, ఆ గొంతుతో అన్నాడు. కాలవ అవతలికి కూడా వినపడి ఉంటుంది. నా గురించి ఎవరైనా అంత గట్టిగా చెప్పడం అదే మొదలు. సంతోషపడాలో చచ్చిపోవాలో తెలియక నేను నేల చూస్తూ నిలబడ్డాను.

కెరాణి పోలీసుల దాకా పోలేదు. అంతవరకు అతను మంచివాడే. తుపాకీ మాత్రం తీసుకుని సైకిలుకి కట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి అయ్య బట్టీలో పనికి పోయాడు. ఇంట్లో అమ్మ నన్ను పట్టుకుని కుదిపేసింది. "నాలిక కొరుక్కోనేకపోయినావేటే? ఒక ఉడత కోసం మీ అయ్యని పొగలోకి తోసీసినావు కదే!" మామ్మ అమ్మ చేతుల్లోంచి నన్ను లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "నా కొడుకుని పాపం నుంచి తప్పించినాది నా తల్లి. దాన్నేటీ అనకు." ఆ ఇద్దరి మధ్యా నలిగి నలిగి, ఓ సాయంత్రం ఆగలేక బట్టీ దగ్గరికి పోయాను. అయ్య బయట రాయి మీద కూర్చుని ఊపిరి తీసుకుంటున్నాడు. కనుబొమ్మల నిండా మసి. "నేను సెప్పకపోతే దాన్ని కొట్టీసీవోడివా అయ్యా?" అని అడిగాను. అయ్య నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గేసరికి చాలాసేపు పట్టింది. "కొట్టడమేటే పిచ్చిదానా! నాకు అగుపడితే కదా? మట్టల్లోకి పేల్సీవోణ్ణి. అది పండు తినీసి ఇంటికి పోయీది."

అప్పుడు నాకు అర్థమైంది. ఆ ఉడతకి మా వల్ల ఏ అపాయమూ లేదు. అయ్య మాట తప్పేవాడూ కాదు, పాపం తగిలేదీ కాదు. నేను ఊరుకుని ఉంటే తుపాకీ మట్టల్లోకి పేలేది, కెరాణి నవ్వుకుని సైకిలెక్కేవాడు, అయ్య ఇంటికొచ్చి చాప మీద పడుకుని నిద్రపోయేవాడు. నేను మొహం అటు తిప్పేసుకున్నాను. అది చూడలేడు కదా, ఎలా తెలిసిందో, నా చెయ్యి పట్టుకున్నాడు. "అలాగని నువ్వు సెప్పకుండా ఉంటావేటి? నీ కన్ను మీదే కదే ఇన్నాళ్ళూ బతికినాను. నువ్వు సూసినాది నాకు దాసీస్తే నాకింకేటి మిగిలీది?" అన్నాడు. లోపలి నుంచి మండోర్, అంటే మేస్త్రీ, కేకేశాడు. అయ్య గోడ తడుముకుంటూ పొగలోకి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఎక్కువ కాలం బతకలేదు. మందిరంలో ఆయన చోటు కొన్నాళ్ళు ఎవరూ కూర్చోకుండా వదిలేశారు, తరవాత కూర్చున్నారు.

నిరుడు నాకూ రెండు కళ్ళకి పొర వచ్చింది. గవర్నమెంటు ఆస్పత్రిలో ఒక్కో కంటికీ ఒక్కో పొద్దున పడుకోబెట్టి తీసేశారు, మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను. మర్నాడు కట్టు విప్పితే గోడ మీద బల్లి కాలివేళ్ళు కూడా కనబడ్డాయి. అందరూ నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతేనా? ఇంత చిన్నపనికా మా అయ్య పొగలోకి పోయింది? ఎవరి మీద కోప్పడాలి? ఉడత మీదా, రాముడి మీదా, ఆ కెరాణి మీదా? నా మీద నేను కోప్పడదామంటే అయ్య మాట అడ్డొస్తుంది. ఏ మాట మీదా నా మనసు ఇన్నేళ్ళలో నిలబడలేదు. అటు పోతుంది, ఇటు వస్తుంది, నా నడకలాగే.

"అమ్మా, లోపలికి రా. మొదటి గుండు కాలుస్తాది" అని లత వచ్చి చెయ్యి పట్టుకుంది. వెళ్ళాను. యశ్విని నిటారుగా నిలబడి ఉంది, దాని బుగ్గ పక్కన తుపాకీ ఆ పిల్ల కోసమే పుట్టినట్టు ఒదిగింది. దూరంగా చిన్న నల్లచుక్క. పిల్ల పక్కన బల్ల మీద, గుండు ఎక్కడ తగిలిందో చూపించే చిన్న తెర. టప్ మని చప్పుడైంది. యశ్విని తెర వైపు తిరిగేలోపే చిక్గు దాన్ని అరచేత్తో కప్పేసింది. "చూడకు. ముందు నువ్వు చెప్పు, ఎక్కడికి పోయింది?" అంది.

యశ్విని మొహం చిన్నబోయింది. నా పక్కన లత, "బాగానే తగిలిందని చెప్పే" అని గొణిగింది, అక్కడికి వినపడదని తెలిసినా. నాకు కుడిభుజం మీద ఎవరో చెయ్యేసి నొక్కినట్టయింది. నోరు తెరిచి ఆ పిల్లని ఆపేసినంత పనైంది.

"చాలా కిందకి పోయింది, చిక్గు. నేను కదిలిపోయాను" అంది నా మనవరాలు.

చిక్గు చెయ్యి తీసింది. కిందకే పోయింది. ఆవిడ తల ఊపి, డబ్బాలోంచి ఇంకో గుండు తీసి దాని చేతిలో పెట్టింది. చూసింది చూసినట్టు చెప్పినందుకు నా మనవరాలికి ఇంకో గుండు దొరికింది. నాకు మా అయ్య పోయాడు.